రంగులస్వామికి జేజేలు

స్వామీ, బ్రాండు గురువర్యా, నగర రవాణా సంస్థల ముఖవర్చస్సు మార్చే మహానుభావా! ముందుగా మీకో సాష్టాంగ నమస్కారం. ఒక బస్సు నడవాలంటే ఎంతమంది కావాలి? తెల్లారగట్ల నాలుగింటికే డిపోకు చేరే డ్రైవరు కావాలి. బ్రేకులు సరిచూసే మెకానిక్కు కావాలి. ఇసుక వేస్తే రాలని జనంలో ఈ చివర నుంచి ఆ చివరకు ఈదుతూ టికెట్లు కొట్టే కండక్టరమ్మ కావాలి. ఇంతమంది ఏళ్ళ తరబడి చెమటోడ్చినా పాత బస్సు పాత బస్సుగానే ఉండిపోతుంది. మీరో? ఏసీ గదిలో కూర్చుని, బస్సును వేలితోనైనా ముట్టకుండా, నాలుగు స్లైడుల్లో దాన్ని కొత్త బస్సు చేసేస్తారు. మయసభ కట్టిన మయుడికి కూడా రాళ్ళూ రప్పలూ కావలసి వచ్చాయి. మీకు ప్రొజెక్టరు చాలు.

ఆ స్లైడుల్లోని బస్సు అందం వర్ణించడం నా తరమా? రోడ్డు మీద ఇంకో బండి ఉండదు. ఆకాశం కడిగినట్టు ఉంటుంది. స్టాపులో ఒక అమ్మాయి కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంటుంది. ఆమె ఎక్కడికి వెళ్ళాలో ఎవరికీ తెలియదు, ఆమెకూ తొందర లేదు. కిటికీ సీట్లన్నీ ఖాళీ. ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడే కాలేజీ కుర్రాడు లేడు. గంప కిందికి దించడానికి ఓ చెయ్యి వెయ్యమని అడిగే కూరగాయల అవ్వ లేదు. “లోపలికి జరగండమ్మా, లోపలంతా ఖాళీయే” అన్న కేక లేదు. చూసిన అధికారులకు అప్పుడు జ్ఞానోదయం అవుతుంది. ఇన్నేళ్ళూ సంస్థకు పట్టిన పీడ ఏమిటో తెలిసిపోతుంది. బస్సు నిండా జనం ఉంటున్నారు, అందువల్లే బ్రాండు సరిగ్గా కనబడటం లేదు.

మా అజ్ఞానం కూడా దాచకుండా విన్నవించుకుంటాను. హైదరాబాదు జనం అనుకునేదేమిటంటే, బస్సు రాకపోవడమే సమస్య అని. 2019లో ఆర్టీసీ కార్మికుల సమ్మె 52 రోజులు నడిచింది. అది ముగిశాక నగరంలో బస్సులను వందల సంఖ్యలో తగ్గించారు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది, ఉన్న బస్సులు నిండిపోయాయి. బస్సులు తగ్గి జనం పెరిగితే ఏమవుతుందో మూడో తరగతి పిల్లవాడైనా భాగహారం చేసి చెబుతాడు. అలాంటి మొరటు లెక్కలు మీ సన్నిధిలో చెల్లవు. ఏ ఊరి సంస్థ పిలిచినా మీరు సెలవిచ్చే మాట ఒకటే: ప్రయాణికుడికీ బస్సుకీ మధ్య భావబంధం సడలింది, నీలం ఇంకాస్త ముదిరితే నమ్మకం పెరుగుతుంది. నిజమే స్వామీ. ముప్పావు గంట స్టాపులో నిలబడ్డవాడికి మీ ముదురు నీలం ఎంత దూరం నుంచైనా కనబడుతుంది. అది అవతలి వైపు రోడ్డులో వెళ్ళిపోతున్నా సరే, నమ్మకం పెరగదూ?

మీ కృపను గుర్తించని మొండి జనం మా వాళ్ళు. సంస్థకు పేరు మార్చిన ప్రతిసారీ ఇదే వరస. 1932లో నిజాం స్టేట్ రైల్వే కింద 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 1958 జనవరి 11న అది ఏపీఎస్‌ఆర్‌టీసీ అయింది. రాష్ట్రం విడిపోయాక ఇక్కడ టీఎస్‌ఆర్‌టీసీ అయింది. 2024 మార్చిలో వాహనాల కోడు టీఎస్ నుంచి టీజీకి మారితే, మే నెలలో సంస్థ పేరులోనూ ఒక ‘జీ’ చేరి టీజీఎస్‌ఆర్‌టీసీ అయింది. ఒక్క అక్షరం వెంట బస్సుల మీద రాతలు, డిపో బోర్డులు, టికెట్లు, కాగితాలు, రబ్బరు ముద్రలు అన్నీ కదిలాయి. కదలనిది ప్రయాణికుడి నాలుక ఒక్కటే. ఏ పేరు పెట్టినా వాడు “ఆర్టీసీ బస్సు” అంటాడు. మూడక్షరాల దగ్గర ఆగిపోయి, ముందు ఏం తగిలించారో చూడనైనా చూడడు. ఇలాంటి జనాన్ని పెట్టుకుని మీరు బ్రాండు విలువ పెంచాలంటే ఎంత సహనం కావాలి!

ఇంకో అపరాధం కూడా ఉంది. ఆర్టీసీ బస్సు నంబరు ప్లేటు మీద ‘జెడ్’ అనే అక్షరం ఉంటుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన తల్లి జహ్రా బేగం పేరు మీద ఆ అక్షరం పెట్టించాడని ఊళ్ళో చెప్పుకుంటారు. రాజ్యం పోయింది, రాష్ట్రం మారింది, రాష్ట్రం రెండైంది. ఏపీ అయింది, టీఎస్ అయింది, టీజీ అయింది. జెడ్ జెడ్‌గానే ఉంది. భవనాలు, బాకీలు పంచుకోవడానికి కొట్టుకున్న రెండు సంస్థలూ ఆ అక్షరాన్ని మాత్రం చెరొకటి పూర్తిగా ఉంచుకున్నాయి. దానికోసం ఎవరూ మూడ్ బోర్డు తయారుచేయలేదు, ఎవరి అభిప్రాయ సేకరణా జరగలేదు. మీలాంటి వారు లేని కాలంలో ఇలాంటి అనర్థాలే జరిగేవి. ఒకసారి పెట్టిన గుర్తు తరాల తరబడి అలాగే పడి ఉండేది.

2024 మే నెలలో మీ కళ జనానికి ప్రత్యక్షంగా దర్శనమిచ్చింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు ఊరికే అన్నారా? కొత్త పేరు ప్రకటించారో లేదో, సోషల్ మీడియాలో ఒక లోగో ఊరేగడం మొదలుపెట్టింది. అది బాగుందన్నవాళ్ళు కొందరు, పాతదే మేలన్నవాళ్ళు కొందరు, చార్మినార్ ఏదీ, కాకతీయ తోరణం ఏదీ అని నిలదీసినవాళ్ళు కొందరు. అదే రోజుల్లో రాష్ట్ర రాజముద్ర మార్పు మీదా రభస నడుస్తోంది గనక రెండు మంటలూ ఒకటయ్యాయి. చివరికి సంస్థే ముందుకొచ్చి, అధికారికంగా ఏ లోగో విడుదల కాలేదు, తిరుగుతున్నది మాది కాదు అని చెప్పుకోవలసి వచ్చింది. వ్యవహారం పోలీసు కేసు దాకా వెళ్ళింది. స్వామీ, కవిత్వం మీద కేసులు పడ్డాయి, నాటకాల మీద పడ్డాయి, సినిమాల మీద లెక్కలేనన్ని పడ్డాయి. కానీ అవన్నీ పుట్టాక. పుట్టకముందే కేసు వేయించుకున్న ఘనత మీ కళదే. ఆ వారమంతా టీవీ చర్చల్లో కొండాపూర్ వెళ్ళే 10హెచ్ ఎన్ని నిమిషాలకొకటి అని అడిగిన పాపాత్ముడు ఒక్కడు కనబడితే ఒట్టు.

ఇక నామకరణ మహోత్సవం సంగతి. విష్ణువుకు వేయి నామాలుంటే బస్సుకు వంద అయినా ఉండొద్దా? పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని, గరుడ, గరుడ ప్లస్, లహరి. ఆంధ్ర వైపు వెళ్తే ఇంద్ర, అమరావతి, వెన్నెల. నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, మెట్రో డీలక్స్, మెట్రో లగ్జరీ, విమానాశ్రయానికి పుష్పక్. పట్టాల మీద మెట్రో 2017 నవంబరులో వచ్చింది. అంతకు చాలా ముందే రోడ్డు మీది బస్సుకు మెట్రో అని పేరు పెట్టిన దూరదృష్టి ఎవరిదోగానీ వారికి వేయి దండాలు. ఇప్పుడు “మెట్రోలో వస్తున్నా” అని ఇంటికి ఫోన్ చేస్తే, అన్నం వేడి చేయాలా, ఇంకో గంట ఆగాలా అన్నది ఇంట్లోవాళ్ళే ఊహించుకోవాలి. పైన పట్టాల మీద ఒక మెట్రో ఎగిరిపోతుంది. దాని నీడలో సిగ్నలు దగ్గర ఇంకో మెట్రో నిలబడి ఉంటుంది. దాని పేరు చివర ఎక్స్‌ప్రెస్ అని కూడా ఉంటుంది.

ఇన్ని పేర్లు పెట్టినా జనం సొంతంగా పెట్టుకున్న పేరు ఒక్కటుంది: ఎర్రబస్సు. దానికి టెండరు పిలవలేదు, ఫీజు చెల్లించలేదు. అయినా అది భాషలోకి వచ్చి కూర్చుంది. పల్లె నుంచి దిగినవాణ్ణి పట్నం కుర్రాళ్ళు “ఎర్రబస్సు ఎక్కి వచ్చాడ్రా” అని వెక్కిరిస్తారు. ఆ మాటలో వెటకారం ఉన్నా, ఒక నిజం కూడా ఉంది. ఆ రంగు బస్సు ఊరి పొలిమేర దాకా వచ్చింది, ఊళ్ళో చదువుకున్న పిల్లల్నీ రోగుల్నీ పెళ్ళివారినీ ఎక్కించుకుని పట్నంలో దింపింది. అన్నేళ్ళు అన్ని ఊళ్ళకు వచ్చింది గనకే రంగు పేరయింది. ఇది చాలా పాతకాలపు పద్ధతి. ముందు బస్సు రావాలి, తర్వాత పేరు రావాలి! మీ పద్ధతిలో అంత ఆలస్యం ఉండదు. ముందు పేరు వస్తుంది. తక్కినది వచ్చినప్పుడు వస్తుంది.

రంగు మహిమ తెలియని నాస్తికులు ఆంధ్రప్రదేశ్ ముచ్చట గుర్తు చేసుకోవాలి. అక్కడ పంచాయతీ భవనాలకు పూసిన అధికార పార్టీ రంగులు తీసేయమని 2020లో హైకోర్టు చెప్పింది. సర్కారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా లాభం లేకపోయింది. ఆ భవనాల్లో పైకప్పు కారేవి ఎన్నో, కుళాయి లేనివి ఎన్నో. వాటిలో ఏదైనా ఢిల్లీ దాకా ప్రయాణం చేసిందా? గోడ మీది రంగుకే ఆ యోగం పట్టింది.

కొందరు భక్తిహీనులు రంగుకు ఒక పని ఉండాలంటారు. వాళ్ళ వాదన ఇలా ఉంటుంది. ఉచిత ప్రయాణం ఆర్డినరీలో, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో ఉంది, డీలక్స్‌లో లేదు. చంకలో బిడ్డ, చేతిలో సంచీతో ఉన్న తల్లికి దూరం నుంచి వస్తున్న బస్సు ఏ రకమో రంగు చూడగానే తెలియాలి. తెలిస్తే ముందుకు పరుగెత్తుతుంది, లేకపోతే ఆగుతుంది. దగ్గరికొచ్చాక బోర్డు చదివి తేల్చుకునేలోపు బస్సు కదిలిపోతుంది. కాబట్టి రంగంటే అలంకారం కాదు, కబురు అని వాళ్ళ సిద్ధాంతం. ఎంత నీరసమైన ఆలోచన! పైగా మీరు ఏరి కోరి ఎంచిన రంగు ఎన్నాళ్ళు బయట తిరుగుతుంది గనక? కొన్నాళ్ళకు బస్సు ఒంటి చుట్టూ నగల దుకాణం వాళ్ళ ప్రకటన చుట్టుకుంటుంది. కిటికీ మీద హీరోయిన్ ముక్కుపుడక, తలుపు మీద తరుగు లేదన్న హామీ, వెనక చక్రం మీద ఫోన్ నంబరు. లోపల కూర్చున్నవాడికి ఆ కాగితం చిల్లుల్లోంచి ఊరు చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. మీ రంగు ఆ కాగితం కింద భద్రంగా ఉంటుంది. గర్భగుడిలో దేవుడికి తెర వేసినట్టు వేసి ఉంచారంటే, దర్శన భాగ్యం అందరికీ దక్కకూడదనే కదా.

అక్షరాల మీద మీకున్న ప్రేమ చెప్పుకోకపోతే కళ్ళు పోతాయి. మీ గ్రంథంలో, అదే మీరు సంస్థకు సమర్పించే నియమావళిలో, అక్షరం ఎత్తు ఎంత, అక్షరానికీ అక్షరానికీ ఎడం ఎంత, లోగో చుట్టూ ఖాళీ ఎంత అన్నీ మిల్లీమీటర్లలో ఉంటాయి. అన్నీ ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు. అవి బుద్ధిమంతులు, రెండు గీతల మధ్య నిటారుగా నిలబడతాయి. మన తెలుగు అక్షరాలకు ఆ క్రమశిక్షణ లేదు. పైకి గుడి లేస్తుంది, పక్కకు కొమ్ము సాగుతుంది, కిందికి ఒత్తు దిగుతుంది. ఇంగ్లీషుకు కొలిచిన పట్టీలో తెలుగును దూర్చాలంటే రెండే దారులు. అక్షరాన్ని చీమంత చేయాలి, లేదా ఒత్తు కోసేయాలి. బస్సు నుదుట వెలిగే ఎల్‌ఈడీ బోర్డు ఒక్కోసారి రెండో దారి పడుతుంది. ఒత్తు తెగితే ఉప్పల్ ఉపల్ అవుతుంది, కూకట్‌పల్లి కూకట్‌పలి అవుతుంది. సంయుక్తాక్షరాలు రాని చిన్నపిల్లలకు ఇంతకంటే మంచి వాచకం ఎక్కడ దొరుకుతుంది?

ఆ బోర్డు కదలికలో ఇంకా గొప్ప నాటకీయత ఉంది. మొదట నంబరు వెలుగుతుంది. తర్వాత బయల్దేరిన ఊరి పేరు నింపాదిగా కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. తర్వాత వయా అని మొదలై మధ్యలో ఉన్న పేటలన్నీ వరసగా వస్తాయి. మళ్ళీ అదంతా ఇంగ్లీషులో. మధ్యలో స్వాగతమనో, శుభాకాంక్షలనో ఒక మర్యాద. స్టాపులో ఉన్నవాడు కళ్ళు చికిలించి చూసే సరిగ్గా ఆ క్షణానికి బోర్డు మీద మర్యాద నడుస్తూ ఉంటుంది. బోర్డు ముగిసేలోగా బస్సు ముగిసిపోతుంది. వెనకటికి రేకు పలక మీద పెద్ద అంకె రాసి అద్దం వెనక నిలబెట్టేవాళ్ళు. 49ఎం అంటే 49ఎం, అది ఎక్కడికీ కదిలేది కాదు. చదువు రానివాడు కూడా అంకె ఆకారం గుర్తు పెట్టుకుని ఎక్కేవాడు. పైగా కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి “మెహదీపట్నం, మెహదీపట్నం, మెహదీపట్నం” అని మూడు కేకలు వేసేవాడు. చూపు లేనివాళ్ళకు కూడా అర్థమయ్యే ఆ పద్ధతిలో ఉత్కంఠ అన్నది ఏ కోశానా లేదు. మీరు దాన్ని సమకూర్చారు.

స్టాపుల్ని కూడా మీరు చల్లగా చూస్తున్నారు. 2018లో హైదరాబాదులో ఏసీ బస్‌స్టాపులు వెలిశాయి. నిలబడటమే జీవితమైనప్పుడు చల్లగా నిలబడితే తప్పేముంది? మామూలు షెల్టర్ల సంగతికొస్తే, మూడు వైపులా ప్రకటనల పలకలు, రాత్రయితే లోపలి నుంచి దీపాల వెలుగు. అక్కడ ఏ నంబర్లు ఆగుతాయో, ఆఖరి బస్సు ఎన్నింటికో చెప్పే చిన్న పట్టికకు మాత్రం చోటు దొరకడం కష్టం. అపార్టుమెంటు ధర తెలుస్తుంది, కోచింగ్ సెంటరు ర్యాంకులు తెలుస్తాయి. బస్సు గురించి తెలుసుకోవాలంటే పక్కనున్న మనిషిని అడగాలి. మనుషుల మధ్య మాటలు కరువైన ఈ కాలంలో మీరు చేసిన సమాజసేవ ఇది.

పరాయి దేశాల దుస్థితి చూస్తే మా అదృష్టం ఇంకా బాగా తెలుస్తుంది. లండన్‌నే తీసుకోండి. 1908లో భూగర్భ రైలు స్టేషన్లలో ఎర్రటి బిళ్ళ మీద అడ్డంగా నీలం పట్టీ ఒకటి తగిలించారు. ఆ బిళ్ళ వలయంగా మారింది, అంతే. శతాబ్దం దాటినా ఆ గుర్తునే పట్టుకు వేలాడుతున్నారు. ఎడ్వర్డ్ జాన్‌స్టన్ చేత 1916లో అక్షరాలు గీయించారు. వందేళ్ళు నిండాక 2016లో వాటినే కాస్త సవరించి మళ్ళీ వాడుకుంటున్నారు. ఇదంతా చేయించిన ఫ్రాంక్ పిక్ బయటి నుంచి వచ్చిన సలహాదారు కూడా కాదు, రవాణా కంపెనీలో ఉద్యోగిగా మొదలై పైకి వచ్చినవాడు. వాళ్ళ పటం కథ మరీ ఘోరం. సిగ్నళ్ళ విభాగంలో నక్షాలు గీసే హ్యారీ బెక్ అనే తాత్కాలిక ఉద్యోగి తీరిక వేళల్లో గీసుకొచ్చాడు. నేల మీది దూరాలు వదిలేసి, ఏ స్టేషను తర్వాత ఏ స్టేషను, ఎక్కడ మారాలి అన్నంత వరకే చూపించాడు. మొదట వద్దన్నారు. 1933లో అచ్చువేస్తే జనం ఎగబడి తీసుకున్నారు. ఇప్పటికీ అదే వరస. ఆలోచించండి స్వామీ, ఇన్నేళ్ళలో మీబోటి వారి కుటుంబాలు ఎన్ని పస్తులుండి ఉంటాయో!

మొన్న 2024లో లండన్‌వాళ్ళకు కాస్త బుద్ధి వచ్చిందని సంబరపడ్డాను. ఓవర్‌గ్రౌండ్ రైళ్ళకు కొత్త పేర్లు, కొత్త రంగులు పెట్టారు. ఖర్చు 63 లక్షల పౌండ్లు. ఆహా అనుకుని లోపలికి వెళ్ళి చూస్తే ఉసూరుమనిపించింది. ఆరు వేర్వేరు దారులు పటంలో ఒకే నారింజ రంగులో ఉండి ప్రయాణికులు తికమకపడుతున్నారట. అందుకని విండ్‌రష్, సఫ్రజెట్, లయనెస్ అంటూ ఒక్కోదానికి ఒక పేరు, ఒక రంగు ఇచ్చారట. అంత డబ్బు పోసి చివరికి చేసిందేమిటంటే, ఎక్కాల్సిన రైలు ఏదో ఎక్కేవాడికి తెలిసేలా చేశారు. ఇంత చవకబారు లక్ష్యం పెట్టుకున్నవాళ్ళను ఏమనాలి?

న్యూయార్క్ కథలో మీకు ఆనందం, అవమానం రెండూ ఉన్నాయి. అక్కడి సబ్‌వేకు మసీమో విన్యెల్లీ, బాబ్ నోర్డా అనే ఉద్దండులు 1970లో నియమావళి రాసిచ్చారు. 1972లో విన్యెల్లీ పటం వచ్చింది. గీతలన్నీ సాఫుగా వంగాయి, సెంట్రల్ పార్కు బూడిదరంగు చదరంగా మారింది, నీళ్ళు నీలంగా లేవు. చూడటానికి అద్భుతం. పైకి వచ్చి నడవబోతే ఊరు వేరుగా, పటం వేరుగా ఉందని జనం గగ్గోలు పెట్టారు. 1979లో దాన్ని తీసేసి భూగోళానికి దగ్గరగా ఉండే పటం పెట్టారు. 46 ఏళ్ళ తర్వాత, 2025లో, విన్యెల్లీ బాణీకి దగ్గరగా ఉండే కొత్త పటం మళ్ళీ వచ్చింది. ఇంత వరకు మీ పక్షమే.

అవమానం ఎక్కడంటే స్టేషను బోర్డుల దగ్గర. ఆ బోర్డుల పైఅంచున ఒక సన్నని గీత ఉంటుంది. బోర్డును పట్టి ఉంచే లోహపు పట్టీని నక్షాలో నల్లగా చూపిస్తే, బోర్డులు తయారుచేసే షాపువాళ్ళు అదీ డిజైనే అనుకుని రంగు వేసేశారని చెబుతారు. పొరపాటో గ్రహపాటో, వేసినవాళ్ళు ఒక్క చోట వేసి ఊరుకోలేదు. ప్రతి స్టేషనులో, ప్రతి బోర్డు మీద, ఏళ్ళ తరబడి అదే గీత వేస్తూ పోయారు. తర్వాత తెల్ల బోర్డులు నల్లవయ్యాయి, నల్లగీత తెల్లదైంది. గీత మాత్రం పోలేదు. ఇప్పుడు దాన్ని చూడగానే ఇది న్యూయార్క్ అని లోకమంతా గుర్తుపడుతుంది. అర్థం కాకుండా వేసిన గీత అర్ధశతాబ్దం దాటి నిలిచింది. ఇరవై పేజీల అర్థం చెప్పి మీరు వేసిన గీతలు ప్రభుత్వం మారేదాకా నిలిస్తే గొప్ప. ఈ రహస్యం బయటికి పొక్కనివ్వకండి స్వామీ. ఎలాంటి గుర్తయినా సరే, అంతటా ఒకేలా వేసి, చెరపకుండా ఏళ్ళ తరబడి ఉంచి, దాని కింద వేళకు బండి నడిపితే చాలునని తెలిసిపోతే మీ గుడికి ఎవరు వస్తారు?

మళ్ళీ మన ఊరికొద్దాం. హైదరాబాదు మెట్రో పటంలో మీ కులదైవమైన ఖాళీస్థలం ఎంత అందంగా కొలువుదీరిందో చెప్పాలి. ఎరుపు మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు, నీలం నాగోలు నుంచి రాయదుర్గానికి, ఆకుపచ్చ జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్‌కు. మొత్తం 69 కిలోమీటర్లు. ఆకుపచ్చ గీత నిజానికి పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమా దాకా వెళ్ళాలని మొదటి ప్రణాళిక. అది మూసీ ఒడ్డున ఆగి నిలబడింది. దాని కింద కాగితం మీద తెల్లటి జాగా. ఊళ్ళోకెల్లా పాత వీధులు, ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే చార్మినారు, అన్నీ ఆ తెలుపులోనే ఉన్నాయి. పటం నిండుగా ఉంటే కంటికి భారం కదా. 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ నుంచి మెట్రోను ప్రభుత్వమే తీసుకోవడానికి అంగీకారం కుదిరింది. యజమాని మారితే గుర్తు మారాలి, గుర్తు మారితే రంగు మారాలి. మీకు చేతినిండా పని.

ఆ పని మొదలయ్యాక కొందరు అల్పబుద్ధులు మీ దగ్గరికి చిన్న చిన్న కోరికలతో వస్తారు. వాళ్ళను క్షమించి పంపేయండి. బస్సు ముందూ వెనకా పక్కనా నంబరు కదలకుండా, చీకట్లో కూడా కనబడేలా ఉండాలంటారు. స్టాపు పేరు స్టాపు మీదే రాయాలంటారు. అక్కడ ఆగే బస్సులు, మొదటిది ఎప్పుడు, ఆఖరిది ఎప్పుడు, మధ్యలో ఎన్ని నిమిషాలకొకటి అన్నది కాగితం మీద అంటించాలంటారు. ఆ రాసిన వేళకే రావాలని కూడా కొందరు తెగిస్తారు. తెలుగు అక్షరానికి కొలత తెలుగు ఒత్తును చూసి తీయాలంటారు. ఉచిత బస్సుకు ఒక రంగు కేటాయించి దాని మీద ఏ ప్రకటనా అంటించొద్దంటారు. 2003 నుంచి తిరుగుతున్న ఎంఎంటీఎస్, పైన తిరిగే మెట్రో, కింద తిరిగే ఆర్టీసీ, ఈ మూడింటికీ కలిపి ఒకే పటం, ఒకే టికెట్టు కావాలంటారు. వీటిలో ఏ ఒక్కదానికైనా ఆవిష్కరణ సభ పెట్టొచ్చా? తెర లాగడానికి ఏముంటుంది? టైముకు వచ్చిన బస్సుకు రిబ్బను కట్టేలోగా అది వెళ్ళిపోతుంది.

ఇక ఫలశ్రుతి. ఈ స్తోత్రాన్ని ప్రొజెక్టరు ఎదుట శ్రద్ధగా పఠించిన అధికారికి బదిలీ లోపల ఒక ఆవిష్కరణోత్సవమూ, పత్రికల్లో రంగుల ఫొటోయూ లభించును. పఠించిన సలహాదారుకు ప్రభుత్వం మారినప్పుడల్లా ఒక కొత్త టెండరు సిద్ధించును. పెయింటు వర్తకుడికి సకలైశ్వర్యాలూ, బోర్డులు రాసేవాడికి ఏడాది పొడుగునా పనీ కలుగును. బస్‌స్టాపులో నిలబడి పఠించిన సామాన్య భక్తుడు మాత్రం ఇంత పొడుగు స్తోత్రం బస్సు వచ్చేలోగా పూర్తవుతుందో లేదోనని బెంగ పెట్టుకోనక్కరలేదు. మూడుసార్లు పారాయణ చేసి, నాలుగోసారి మొదలుపెట్టేంత తీరిక స్వామివారు అతనికి ముందే అనుగ్రహించి ఉన్నారు.